ఆరుబయట ప్రార్థనల సీజన్ మొదలయ్యేలోపు కమిటీ వాళ్లు చూస్కోవాల్సినవి

గుడైనా మసీదైనా చర్చైనా, చుట్టూ ఇళ్లున్న చోట ఆరుబయట సభలు పెడుతున్నామంటే కమిటీకి టెంటు గుర్తొస్తుంది, మైకు గుర్తొస్తుంది, పక్కింటోళ్లు మాత్రం కంప్లయింట్ వెళ్లాకే గుర్తొస్తారు. నేను ఇలాంటి కమిటీలో చాన్నాళ్లు వాలంటీర్‌గా తిరిగా, కింద చెప్పే తప్పుల్లో సగం మేం చేసినవే.

పక్కవాళ్లకి మన దేవుడితో పేచీ ఏం ఉండదండీ చాలావరకు. ఎప్పుడైపోతుందో తెలీకపోవడమే వాళ్ల బాధ. తొమ్మిదిన్నరకి ఆగిపోద్దని గట్టిగా తెలిస్తే పసిపిల్లలున్న వాళ్లు కూడా ఓర్చుకుంటారు, అదే "ఇంకో పది నిమిషాలు" అంటూ పదకొండు దాకా లాగితే ఎవరికైనా ఒళ్లు మండుద్ది. అందుకే సీజన్ మొత్తం తేదీలు ఒక కాగితం మీద కొట్టించి కనీసం రెండు మూడు వారాల ముందే ఇంటింటికీ వెళ్లి చేతికివ్వండి, గ్రూపులో ఫార్వర్డ్ చేసి చేతులు దులుపుకోవద్దు. మైకు ఆగే టైము, జనం ఖాళీ అయ్యే టైము విడివిడిగా రాయండి. ఒక ఫోన్ నంబర్ కూడా ఇవ్వండి, కానీ ఆ రాత్రి నిజంగా ఎత్తే మనిషిది. మేం ఒకసారి నంబరైతే ఇచ్చాం గానీ ఆ ఫోనున్నాయన స్పీకర్ పక్కనే కూర్చున్నాడు, ఇంకేం వినపడుద్ది, అయ్యాక చూస్తే అన్నీ మిస్డ్ కాల్సే.

ఇప్పుడు సౌండు సంగతి. అసలు తంటా అంతా ఇక్కడే. ఆరుబయట దూరం రెట్టింపయితే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుద్ది, అంటే స్పీకర్ నుంచి 10 మీటర్ల దగ్గర 85 ఉంటే 40 మీటర్ల దగ్గర ఇంకా 73 ఉంటుంది. స్టేజీ దగ్గర రెండు పెద్ద బాక్సులు పెట్టి చివరి వరసకి వినపడాలని పెంచుకుంటూ పోతే అది పక్కింటి బెడ్‌రూమ్ దాకా వెళ్తుంది. దానికి బదులు చిన్న స్పీకర్లు ఎక్కువ తీస్కుని జనం మధ్యలో పెట్టి జనం మీదకే వంచితే ఒక్కోదాని వాల్యూమ్ బాగా తగ్గించొచ్చు. శబ్దం సెకనుకి 340 మీటర్లే పోతుంది కాబట్టి వెనక స్పీకర్లకి కొంచెం డిలే పెట్టమని, అంటే వాటిలో మాట కాస్త ఆలస్యంగా వచ్చేలా చేయమని సౌండతనికి చెప్పండి, లేకపోతే మాట రెండుసార్లు వినపడుద్ది. బేస్, అంటే ఆ దుమ్ దుమ్ మనే శబ్దం, గోడల్లోంచి కూడా దూరిపోతుంది, ఉత్త ప్రసంగానికి దాంతో పనే లేదు, మిక్సర్ మీద బేస్‌ని కోసేసే "లో కట్" బటన్ నొక్కించి సబ్ వూఫర్లని ఇంటికి పంపించేయండి.

కొలిచేది స్టేజీ దగ్గర కాదు, పక్కింటి గేటు దగ్గర. ఫోన్ యాప్ కరెక్టుగా చూపించకపోయినా ముందుకీ ఇప్పటికీ తేడా తెలుస్తుంది. యాప్‌లో సెట్టింగు "A" మీద ఉంటే బేస్‌ని తక్కువ చేసి చూపిస్తుంది, "C" మీద పెట్టి కూడా చూడండి. మధ్యాహ్నం చెక్ చేశాం కదా అని వదిలేయకండి, మబ్బూ గాలీ లేని రాత్రి నేల దగ్గర గాలి చల్లబడి పైన వెచ్చగా ఉంటే శబ్దం కిందకి వంగి ఇంకా దూరం పాకుద్ది. లిమిట్ ఎంతో మీ పర్మిషన్ కాగితంలో ఉంటుంది. ఒక అంచనాకి చెప్పాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో యూరప్‌కి ఇచ్చిన సూచనల్లో రాత్రిళ్లు ఇంటి బయట ఏడాది సగటు 40 డెసిబెల్స్ దాటొద్దంది.

మైకు కట్టేశాక వచ్చే గోల ఇంకోటి, దీన్నెవరూ లెక్కలోకి తీస్కోరు. గేటు దగ్గర కబుర్లు, కారు డోర్లు, కుర్చీలు ధడేల్‌మని ఒకదాని మీదొకటి వేయడం, సామాన్ల ట్రక్కు రివర్స్‌లో కీకీమనడం. కుర్చీలు, టెంటు మర్నాడు పొద్దెక్కాకే తీయించండి.

పార్కింగ్‌కి పక్కిళ్ల గేట్ల ముందు ఒక్కో వాలంటీర్‌ని నిలబెట్టండి, అంబులెన్స్ పట్టేంత దారి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. లైట్లు కిందకి వంచండి. జనరేటర్ ఎవరి కిటికీకీ దగ్గర్లో వద్దు, చప్పుడొకటే కాదు, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన కూడా రాదు, ప్రాణం తీస్తుంది.

ఎంత తగ్గించినా కంప్లయింట్ చేసేవాళ్లు ఒకరిద్దరుంటారు, మనమంటేనే పడనివాళ్లూ ఉండొచ్చు, అయితే అందర్నీ ఆ గాటన కట్టేయకండి. ఎన్నింటికి మైకు ఆపాం, గేటు దగ్గర రీడింగెంత, ఎవరు ఫోన్ చేస్తే ఏం చేశాం అని ఒక పుస్తకంలో రాసుకోండి, రేపు పర్మిషన్ ఇచ్చిన ఆఫీసులో అడిగితే చూపించడానికి అదే ఉంటుంది. చచ్చినా చేయకూడనిది ఏంటంటే మైకులో "ఫలానా ఇంటోళ్లు ఆపమంటున్నారు" అని చెప్పడం. వందల మంది ఆ ఇంటి వైపు తిరిగి చూస్తే ఆ కుటుంబం ఇక జన్మలో మీతో మాట్లాడదు.

మొదటి సభ అయిన మర్నాడు సాయంత్రం, రెండోది రాకముందే, ఆనుకునున్న ఇళ్లకి ఇద్దరు వెళ్లి నిన్న ఎలా ఉందండీ అని అడగండి. కమిటీ మొత్తం గుంపుగా వెళ్తే వాళ్లు భయపడి బానే ఉంది అంటారు.