ఆ చెయ్యి సర్జన్ చెయ్యి కాదు

పాత ఇంగ్లండ్ వైద్యుల పుస్తకం చేతికొస్తే, అట్ట లోపలివైపు అంటించిన బుక్‌ప్లేట్, అంటే పుస్తకం ఎవరిదో చెప్పే అచ్చు చీటీ, తప్పక చూడండి. వంశచిహ్నం డాలు మీద చిన్న అరచెయ్యి కనబడితే "సర్జన్ కాబట్టి చెయ్యి" అనుకోకండి. నేను చాలాకాలం అలాగే పొరబడ్డాను. అది ఐర్లండ్‌లోని అల్‌స్టర్ ప్రాంతపు ఎర్ర చెయ్యి, యజమాని బారోనెట్ (వంశపారంపర్యంగా వచ్చే బ్రిటిష్ బిరుదు ఉన్నవాడు) అని చెప్పే గుర్తు. వైద్యుల్లోనూ ఆ బిరుదు పొందినవాళ్లున్నారు: హాన్స్ స్లోన్‌కి 1716లో, జోసెఫ్ లిస్టర్‌కి 1883లో వచ్చింది.

మరి నలుపు తెలుపు అచ్చులో రంగులెలా తెలుస్తాయి? గీతలే రంగులు. నిలువు గీతలైతే ఎరుపు, అడ్డగీతలైతే నీలం, చుక్కలైతే బంగారం, ఖాళీగా వదిలేస్తే వెండి. నిలువూ అడ్డమూ కలిసి గళ్లు పడితే నలుపు. ఫోన్ టార్చి పక్కనుంచి ఏటవాలుగా వేసి భూతద్దంతో చూస్తే, వెలిసిపోయిన గీతలు కూడా కొంత తేలతాయి.

నిజంగా వైద్యానికి చెందిన చెయ్యి కావాలంటే లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌కి 1546లో ఇచ్చిన చిహ్నం చూడండి. మబ్బుల్లోంచి దిగిన చెయ్యి ఇంకో చేతి నాడి పట్టుకుని ఉంటుంది, కింద దానిమ్మపండు. మణికట్టు మీద ఆనిన ఆ వేళ్లంటే నాకెంత ముచ్చటో! అది కనిపిస్తే ఒక వైద్యుడి వంశచిహ్నం అని రాసుకోకండి, అది సంస్థది.

బుక్‌ప్లేట్‌ని మాత్రం నీళ్లతో తడిపి ఊడదీయకండి. ఫొటో తీసుకుంటే చాలు.