బొడ్డు దగ్గర ఒక్క కోతే అన్నారా? విశాఖ బండెక్కే ముందు ఇవి చూసుకోండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి అమ్మనో వదిననో గర్భసంచి క్యాన్సర్‌కి విశాఖ తీసుకెళ్తుంటే, "రోబోతో, బొడ్డు దగ్గర ఒక్క కోతతో అయిపోతుంది" అన్న మాటకే సగం టెన్షన్ పోతుంది. కోత చిన్నదే, సుమారు రెండున్నర సెంటీమీటర్లు. కానీ మీరు మొదట అడగాల్సింది కోత సంగతి కాదు, క్యాన్సర్ ఎక్కడ మొదలైందని.

మనవాళ్లు అన్నిటినీ కలిపి గర్భసంచి క్యాన్సర్ అనేస్తారు, తంటా అక్కడే. లోపలి పొరలో మొదలై తొలి దశలో ఉంటే చిన్న కోతల పద్ధతి మంచిదే. గర్భసంచిని లోపల ముక్కలు చెయ్యకుండా నిండుగా బయటికి తీస్తారా అని మాత్రం అడగండి, ముక్కలు చేస్తే క్యాన్సర్ కణాలు పొట్టలో చెదిరే ప్రమాదం ఉంది. అదే ముఖద్వారంలో, అంటే సర్విక్స్‌లో అయితే కాస్త ఆగండి. 2018లో వచ్చిన ల్యాక్ ట్రయల్ అనే పరిశోధనలో, రాడికల్ హిస్టరెక్టమీ (గర్భసంచిని చుట్టూ ఉన్న కణజాలంతో సహా తీసేసే ఆపరేషన్) పొట్ట తెరిచి చేయించుకున్నవాళ్లకంటే చిన్న కోతలతో చేయించుకున్నవాళ్లలోనే జబ్బు తిరగబెట్టడం, చనిపోవడం ఎక్కువని తేలింది. ఇది చెప్పి, "మరి మాకెందుకు ఇదే మంచిది?" అని అడిగితే ఏ మంచి డాక్టరూ కోప్పడరు. రోబో తనంతట తాను ఏమీ కొయ్యదు, నడిపేది ఆ డాక్టరే, కాబట్టి ఇలాంటివి ఎన్ని చేశారో కూడా అడగండి, మొహమాటం వద్దు.

బయాప్సీ కాగితం ఒక్కటే చాలదు, స్లైడ్లు, బ్లాకులు (తీసిన ముక్కను మైనంలో దాచినవి) కూడా అడిగి పట్టుకెళ్లండి. మన రేషన్ కార్డు ఒడిశాది, ఆంధ్రా ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు) మనకి పనికిరాదు. ఆయుష్మాన్ కార్డుంటే ఆ ఆసుపత్రి జాబితాలో ఉందా, రోబో ఖర్చు అందులో కలుస్తుందా లేక చేతి నుంచి కట్టాలా అన్నది ముందే రాయించుకోండి.

రక్తం పల్చబడే మాత్రలు, షుగర్ మాత్రలు, ఆఖరికి నాటు మందు వేసుకుంటున్నా దాచకండి, మీ అంతట మీరు ఆపకండి కూడా. ఆపరేషన్‌కి ముందు బొడ్డు సబ్బునీళ్లతో మెల్లగా కడిగితే చాలు. పిన్నీసుతో గోకడం, పసుపు నూరి పెట్టడం, ఇంట్లో బ్లేడుతో గీయించుకోవడం వద్దు, గాటు పడితే చీము పట్టేది అక్కడే.

తిరిగొచ్చేటప్పుడు ఘాట్ రోడ్డు మీద కారులో ముడుచుకుని కూర్చోబెట్టకండి. క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, గంటకోసారి దింపి నాలుగడుగులు వేయించండి. కొందరికి దీనికే నెల దాకా ఇంజక్షన్లు రాస్తారు, వాటిని మధ్యలో మానకూడదు. భుజం నొప్పి చాలావరకు పొట్టలోకి పంపిన గ్యాస్ వల్లే, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. నీళ్ల బిందె, బియ్యం బస్తా కనీసం ఆరు వారాలు ముట్టనివ్వకండి, బొడ్డు దగ్గర హెర్నియా (కోత చోట పేగు బయటికి ఉబకడం) రావచ్చు. భార్యాభర్తల కలయిక డాక్టరు లోపలి కుట్లు చూసి సరేనన్నాకే.

జ్వరం, దుర్వాసనతో స్రావం, ఆగని రక్తం, ఒక కాలు వాయడం, ఆయాసం, యోని నుంచి మూత్రం కారడం, వీటిలో ఏది కనిపించినా ఊళ్లో సెలైన్ ఎక్కించి రేపు చూద్దామనుకోవద్దు, వెంటనే ఆపరేషన్ చేసినచోటికి ఫోన్ కొట్టండి. ఆయాసమైతే మాత్రం ఆ ఫోన్ దారిలో చేస్తూ దగ్గర్లోని పెద్దాసుపత్రికి బయల్దేరండి.