విశాఖ నుంచి సైనిక పైలట్ కావాలంటే: ఏది ముందు, ఏది తరువాత

విశాఖపట్నం విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా స్థావరంలో ఉండటం వల్ల, ఎన్ఏడీ, షీలానగర్, గాజువాక పరిసరాల్లో పెరిగిన పిల్లలు ప్రయాణికుల విమానాలతో పాటు నౌకాదళ విమానాలను, హెలికాప్టర్లను కూడా చూస్తూనే పెద్దవారవుతారు. నౌకాదళం 2013 నవంబరులో హాక్ శిక్షణ విమానాలను తన సేవలోకి తీసుకున్నది ఈ స్థావరంలోనే. సబ్ లెఫ్టినెంట్ ఆస్థా పూనియా 2025 జులై 3న హాక్ కన్వర్షన్ కోర్సు ముగించుకొని, నౌకాదళ ఫైటర్ విభాగంలోకి ఎంపికైన తొలి మహిళగా గుర్తింపు పొందినది కూడా ఇక్కడే. అయినా ఈ ఊళ్లో పైలట్ చదువు అనగానే చాలా కుటుంబాలకు గుర్తొచ్చేది లక్షలకు లక్షలు ఫీజు కట్టే ప్రైవేటు ఫ్లయింగ్ స్కూలు మాత్రమే. ప్రభుత్వమే ఖర్చు భరించి విమానం నడపడం నేర్పే దారి ఒకటి ఉందని తెలిసిన కుటుంబాలు కూడా, ఆ దారిలో ఏ మెట్టు ముందు ఎక్కాలో తెలియక రెండు మూడేళ్లు పోగొట్టుకుంటున్నాయి. ఆ క్రమాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సాధారణంగా అందరూ రాతపరీక్షతో మొదలుపెడతారు. కోచింగ్ సెంటర్లు నేర్పగలిగేది అదే కాబట్టి వాటి ప్రచారం కూడా దాని చుట్టూనే తిరుగుతుంది. నా అభిప్రాయంలో ఈ క్రమాన్ని తలకిందులు చేయాలి. రాతపరీక్ష ఈసారి తప్పితే, వయసు ఉన్నంతవరకు మళ్లీ రాయవచ్చు. కంటికి రంగులు గుర్తించే శక్తి, కాళ్ల పొడవు మాత్రం ఎంత చదివినా మారవు. అందువల్ల ముందు శరీరాన్ని పరీక్ష చేయించుకోవాలి, తరువాత అధికారిగా పనికివచ్చే మనిషిగా తయారుకావాలి, వీటితో పాటు పరీక్షకు చదవాలి.

పైలట్ విభాగానికి కనీస ఎత్తు 162.5 సెంటీమీటర్లు. ఎత్తు ఒక్కటే చాలదు. కాక్‌పిట్‌లో కూర్చున్నప్పుడు పెడళ్లు అందాలి, తల పైకప్పుకు తగలకూడదు, అత్యవసరంగా సీటుతో సహా బయటపడవలసి వస్తే మోకాళ్లు ముందున్న పలకకు తగలకూడదు. అందుకే కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96 సెంటీమీటర్ల మధ్య, కాలి పొడవు 99 నుంచి 120 సెంటీమీటర్ల మధ్య ఉండాలని, తొడ పొడవు 64 సెంటీమీటర్లు దాటకూడదని వాయుసేన నిర్దేశించింది. వీటిని ఇంట్లోనే సుమారుగా కొలుచుకోవచ్చు. వీపు, నడుము గోడకు పూర్తిగా ఆనించి నేలమీద కాళ్లు చాపి కూర్చుంటే, గోడ నుంచి మడమ వరకు ఉన్న దూరం కాలి పొడవు. మోకాళ్లు మడిచి స్టూలుపై అలాగే గోడకు ఆని కూర్చున్నప్పుడు, గోడ నుంచి మోకాలి ముందుభాగం వరకు ఉన్నది తొడ పొడవు. ఎదిగే వయసులో ఉన్నవారు ఏడాది తరువాత మళ్లీ కొలుచుకోవాలి.

కంటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒక కంటి చూపు 6/6, రెండోది 6/9 ఉండి, అది అద్దాలతో 6/6కు సరిదిద్దగలిగేలా ఉండాలి. హ్రస్వదృష్టి, అంటే దూరపు వస్తువులు మసకగా కనిపించే లోపం, వాయుసేన పైలట్ విభాగంలో అంగీకరించరు. ఇంటర్ రెండేళ్లూ హాస్టల్ గదుల్లో పుస్తకాలకే అతుక్కుపోయే మన పిల్లల్లో ఈ లోపం ఎంత తరచుగా కనిపిస్తుందో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. పదో తరగతి అయిన వెంటనే ఒక మంచి కంటి ఆసుపత్రికి వెళ్లి, చుక్కలమందు వేసి చూపు పరీక్షించమని, ఇషిహారా పుస్తకంతో రంగుల పరీక్ష కూడా చేయమని డాక్టరును అడగండి. అద్దాలు వదిలించుకోవడానికి లేజర్ శస్త్రచికిత్స చేయించుకోవాలనుకుంటే, మీరు వెళ్లదలచిన ప్రవేశమార్గం నోటిఫికేషన్‌లో దాని గురించి ఉన్న నిబంధనను చదవకుండా ఆ పని చేయకూడదు. ఒక్క పూటలో పూర్తయ్యే ఈ పరీక్షల్లో పైలట్ విభాగానికి అర్హత లేదని తేలినా సైన్యంలో ఇతర శాఖలు ఎన్నో ఉన్నాయి. ఆ సంగతి పదహారో ఏట తెలియడం, ఇరవై మూడో ఏట తెలియడం ఒకటి కాదు.

ఇక ప్రవేశమార్గాలు. ఇంటర్‌లో ఎంపీసీ చదివినవారికి మొదటి దారి నేషనల్ డిఫెన్స్ అకాడమీ. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు నిర్వహించే ఈ పరీక్షకు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర ఏళ్ల మధ్య వయసున్న అవివాహితులు అర్హులు. వాయుసేన, నౌకాదళ విభాగాలకు ఇంటర్‌లో భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు తప్పనిసరి కాబట్టి, బైపీసీలో చేరినవారికి ఈ దారి మూసుకుపోయినట్టే. పదో తరగతి తరువాత గ్రూపు ఎంచుకునేటప్పుడే ఈ మాట గుర్తుంచుకోవాలి. ఇటీవలి నోటిఫికేషన్లలో వాయుసేనకు కేటాయించిన 120 స్థానాల్లో 92 ఫ్లయింగ్ విభాగానివే. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన ఆదేశాల తరువాత అమ్మాయిలకు కూడా ఈ అకాడమీ తలుపులు తెరుచుకున్నాయి. వారి తొలి బృందం 2025 మే నెలలో శిక్షణ ముగించుకొని బయటికి వచ్చింది.

డిగ్రీ లేదా ఇంజనీరింగ్ చదివేవారికి కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష ఒకటి, వాయుసేన స్వయంగా నిర్వహించే ఏఎఫ్‌క్యాట్ మరొకటి ఉన్నాయి. ఏఎఫ్‌క్యాట్ ద్వారా ఫ్లయింగ్ విభాగానికి వయసు 20 నుంచి 24 ఏళ్లు; కమర్షియల్ పైలట్ లైసెన్సు ఉన్నవారికి 26 వరకు సడలింపు ఉంది. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో సి సర్టిఫికెట్ సాధించినవారు ప్రత్యేక ప్రవేశం ద్వారా రాతపరీక్ష లేకుండా నేరుగా ఇంటర్వ్యూకు వెళ్లవచ్చు. మీ కాలేజీలో ఆ విభాగం ఉంటే మొదటి సంవత్సరంలోనే చేరండి. బీటెక్‌లో 60 శాతం మార్కులున్నవారిని నౌకాదళం షార్ట్ సర్వీస్, అంటే పరిమిత కాలం పనిచేసే, పైలట్లుగా తీసుకుంటుంది. తీరరక్షక దళంలోనూ పైలట్ అవకాశాలున్నాయి.

రాతపరీక్ష గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్షలో గణితానికి 300, ఇంగ్లిష్‌తో కూడిన జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. జేఈఈకి చదువుతున్న విద్యార్థికి గణితం భారం కాదు. ఇంగ్లిష్, చరిత్ర, భూగోళం, వర్తమాన వ్యవహారాల్లోనే మనవాళ్లు వెనకబడతారు. ప్రశ్నపత్రం తెలుగులో ఉండదు. పరీక్ష కేంద్రాల జాబితాలో విశాఖపట్నం ఉంటుంది కాబట్టి దూరప్రయాణం అక్కరలేదు.

అసలైన వడపోత ఎస్‌ఎస్‌బీలో, అంటే సైనికాధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డులో జరుగుతుంది. ఐదు రోజులు అక్కడే ఉండి ఎదుర్కొనే ఈ ఎంపికలో మొదటి రోజు తర్కపరీక్ష, ఒక బొమ్మ చూసి కథ రాసి దానిపై బృందంలో చర్చించే పరీక్ష ఉంటాయి; చాలామంది ఆ రోజే ఇంటిదారి పడతారు. మిగిలినవారికి మానసిక పరీక్షలు, ఆరుబయట బృందంతో చేసే పనులు, వ్యక్తిగత ఇంటర్వ్యూ, చివరగా బోర్డు ముందు సమావేశం జరుగుతాయి. వాయుసేన బోర్డులు డెహ్రాడూన్, మైసూరు, గాంధీనగర్ వంటి చోట్ల ఉన్నాయి. నౌకాదళానికి విశాఖపట్నంలోనే ఒక బోర్డు ఉంది. బోర్డు మన ఊళ్లోనే ఉన్నా ఇంటికి వెళ్లి రావడం కుదరదు.

ఇంటర్వ్యూ చేసే అధికారి మీరు మొదట నింపి ఇచ్చిన వివరాల పత్రాన్ని ముందు పెట్టుకొని ప్రశ్నలు అడుగుతారు. అందులో రాసిన ప్రతి మాటకూ మీరు జవాబుదారీ. ఈత హాబీ అని రాస్తే ఏ స్ట్రోకు ఎలా వేస్తారో చెప్పగలగాలి. ఊరి గురించి అడిగితే తూర్పు నౌకాదళ కేంద్రం ఇక్కడ ఎందుకుందో, 1971 డిసెంబరులో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఈ తీరంలో ఎలా మునిగిందో, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను దెబ్బకు నగరం ఎలా కుదేలై తేరుకుందో మీ మాటల్లో చెప్పగలగాలి. ఆర్కే బీచ్‌లోని టీయూ-142 విమానాన్ని, కురుసుర జలాంతర్గామిని ఏదో చుట్టం వచ్చినప్పుడు చూసి వదిలేయకుండా, ఆ విమానం సముద్రంపై ఏ పని చేసేదో తెలుసుకొనే ఉద్దేశంతో ఒకసారి చూడండి.

మన విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇంగ్లిష్‌లో మాట్లాడవలసి వచ్చినప్పుడు. అక్కడ కోరేది ఉచ్చారణ సొగసు కాదు, ఆలోచనను తడుముకోకుండా చెప్పే ధైర్యం. నలుగురు స్నేహితులు కలిసి రోజూ ఒక వార్తపై అరగంట ఇంగ్లిష్‌లో చర్చించుకుంటే, ఆరు నెలల్లో ఏ క్రాష్ కోర్సూ ఇవ్వలేనంత మార్పు వస్తుంది. కంఠస్థం చేసిన కథలు, అద్దెకు తెచ్చుకున్న జవాబులు మాత్రం వద్దు. వేలమందిని చూసిన మనస్తత్వ నిపుణులు వాటిని ఇట్టే గుర్తిస్తారు.

పైలట్ విభాగం కోరినవారికి మరో పరీక్ష ఉంది. కంప్యూటరైజ్డ్ పైలట్ సెలక్షన్ సిస్టమ్ అనే ఈ పరీక్షలో మొదట పరికరాల ముళ్లు చూసి విమానం ఏ స్థితిలో ఉందో గుర్తించాలి, తరువాత చేతితో స్టిక్‌ను, కాళ్లతో పెడళ్లను ఒకేసారి నడుపుతూ తెరపై కదిలే గుర్తులను అదుపులో ఉంచాలి. జీవితంలో ఒక్కసారే అవకాశం. తప్పితే సైనిక పైలట్ కావాలన్న ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి ముందురోజు రాత్రి నిండుగా నిద్రపోండి, పరీక్షకు ముందు అధికారులు ఇచ్చే సూచనలను ఒక్క మాట కూడా వదలకుండా వినండి, అర్థంకాకపోతే మొహమాటపడకుండా అడగండి. ఆల్టిమీటర్, దిక్సూచి, విమానం వంపును చూపే పరికరం ఎలా పనిచేస్తాయో ముందే చదువుకొని వెళ్లడం ఎంతో మేలు చేస్తుంది.

ఎంపికైనవారికి బెంగళూరులోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్‌లో గానీ, ఢిల్లీలోని వాయుసేన వైద్య కేంద్రంలో గానీ వైద్యపరీక్షలు జరుగుతాయి. అధిక బరువు, చెవిలో గులిమి, ముక్కు దూలం వంకర వంటి సరిచేయగల లోపాలను ఇంటి దగ్గరే చూపించుకొని వెళ్లాలి. లోపం చూపి తిరస్కరిస్తే అప్పీలు చేసుకునే హక్కు ఉంది. వైద్యపరీక్షలో నెగ్గినా మెరిట్ జాబితాలో పేరు ఉంటేనే అకాడమీ నుంచి పిలుపు వస్తుంది.

శరీర దారుఢ్యానికి విశాఖలో వసతులు తక్కువేమీ లేవు. ఉదయాన్నే బీచ్‌రోడ్డులో పరుగు, వారానికొకసారి కైలాసగిరి ఎక్కడం, ఇంటి దగ్గర పుష్‌అప్‌లు, చిన్‌అప్‌లు చాలు. మైలు దూరం పది నిమిషాల్లోపు పరుగెత్తగలగడం కనీస స్థాయి మాత్రమే. ఈత ఈతకొలనులోనే, శిక్షకుడి దగ్గరే నేర్చుకోండి. ఆర్కే బీచ్ అలల్లో సాధన చేయబోయి ప్రాణాలమీదికి తెచ్చుకోవద్దు.

శిక్షణ విషయానికి వస్తే, నేషనల్ డిఫెన్స్ అకాడమీకి ఎంపికైనవారు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో మూడేళ్లు గడిపి, ఆ తరువాత హైదరాబాద్ శివార్లలోని దుండిగల్ వాయుసేన అకాడమీకి వస్తారు. ఏఎఫ్‌క్యాట్ ద్వారా వచ్చినవారు నేరుగా దుండిగల్‌లోనే చేరతారు. అక్కడ ముందు ఏరోడైనమిక్స్, వాతావరణ శాస్త్రం, నావిగేషన్ పాఠాలు, ఆ తరువాత పిలాటస్ పీసీ-7 విమానంపై బోధకుడితో కలిసి ఎగరడం, చివరికి ఒంటరిగా ఎగరడం ఉంటాయి. కనబరచిన నైపుణ్యాన్నీ దళం అవసరాలనూ బట్టి ఫైటర్, రవాణా, హెలికాప్టర్ విభాగాలుగా పంపిణీ చేస్తారు. ఫైటర్‌కు వెళ్లినవారు బీదర్‌లో హాక్ విమానాలపై, హెలికాప్టర్‌కు వెళ్లినవారు హకీంపేటలో, రవాణాకు వెళ్లినవారు యెలహంకలో తదుపరి శిక్షణ పొందుతారు. నౌకాదళ క్యాడెట్లు కేరళలోని ఎజిమల అకాడమీతో మొదలుపెడతారు. ఏ దశలోనైనా నిర్దేశించిన వేగంతో నేర్చుకోలేకపోతే ఫ్లయింగ్ నుంచి తప్పించి వేరే శాఖకు మారుస్తారు. ఇది అవమానం కాదని క్యాడెట్లకే కాక, ఇంట్లోవాళ్లకు కూడా ముందే తెలిసి ఉండాలి.

కుటుంబంతో మాట్లాడేటప్పుడు జీతం గురించి కూడా స్పష్టంగా చెప్పండి. ఏడో వేతన సంఘం ప్రకారం ఫ్లయింగ్ ఆఫీసర్ మూలవేతనం నెలకు 56,100 రూపాయలతో మొదలవుతుంది. దానికి 15,500 రూపాయల మిలిటరీ సర్వీస్ పే, పైలట్లకు 25,000 రూపాయల ఫ్లయింగ్ అలవెన్సు, ఇతర భత్యాలు తోడవుతాయి. ఏఎఫ్‌క్యాట్ ద్వారా ఫ్లయింగ్ విభాగంలో షార్ట్ సర్వీస్ కమిషన్ 14 ఏళ్లు; ఆ తరువాత విమానయాన సంస్థల్లోకి వెళ్లదలచినవారు పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిర్వహించే పరీక్షలు రాసి పౌర లైసెన్సు పొందవచ్చు. నాలుగైదేళ్లు యుద్ధవిమానం నడిపి ఎయిర్‌లైన్స్‌కు వెళ్లిపోదామనుకొనేవారు మాత్రం ఈ దారి ఎంచుకోకపోవడమే ఉభయులకూ మంచిది, ఎందుకంటే ఇది మొదట అధికారి ఉద్యోగం. సరిహద్దు స్థావరంలోనో, సముద్రం మధ్య ఓడమీదో పనిచేయడానికి సిద్ధపడినవారికే ఇక్కడ రెక్కలు ఇస్తారు.

మెరిట్ జాబితా వెలువడేవరకు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌ను గానీ, డిగ్రీ అడ్మిషన్‌ను గానీ వదులుకోవద్దు. అకాడమీకి ఎంపికైతే కాలేజీ మానుకోవచ్చు. ఈసారి పేరు రాకపోతే అదే డిగ్రీ రేపు ఏఎఫ్‌క్యాట్‌కూ, నౌకాదళ ప్రవేశానికీ అర్హత అవుతుంది.