ఆఫర్ లెటర్ ఉన్నా వీసా కదలట్లేదా? విదేశీ ఇంటర్న్‌షిప్ చిక్కులు, విరుగుడులు

వేసవి దగ్గర పడుతుంటే బెంగళూరు కాలేజీల ప్లేస్‌మెంట్ సెల్స్ ముందు మన తెలుగు పిల్లలు బారులు తీరతారు. అనంతపురం, చిత్తూరు, నెల్లూరు, ఖమ్మం... చేతిలో ఫోను, ఫోనులో ఆఫర్ లెటర్ పీడీఎఫ్. చాలామంది విషయంలో చిక్కు కాన్సులేట్ కిటికీ దగ్గర ఉండదు, అంతకు రెండు మెట్లు ముందే ఉంటుంది. ఇంటర్న్‌కి వీసా ఇచ్చే దేశాలు ముఖ్యంగా చూసేవి రెండు: నువ్వింకా విద్యార్థివేనా, అక్కడ నీకు పూచీ ఎవరు? ఈ రెంటికీ మీ దగ్గర కాగితం ఉందా అని చూసుకుంటూ కిందివి చదవండి.

"కంపెనీవాళ్లు టూరిస్ట్ వీసా మీద వచ్చేయమంటున్నారు"

ఇందులో మోసమే ఉండాలని లేదు. చిన్న స్టార్టప్ నడిపేవాడు తన సొంత దేశానికి ఎప్పుడూ వీసా తీసుకుని ఉండడు, పాపం వాడికేం తెలుసు! కానీ ఇరుక్కునేది మీరు. అమెరికా బీ1/బీ2 (వ్యాపార పనికీ, పర్యటనకూ ఇచ్చే విజిటర్ వీసా) ఇంటర్న్‌షిప్ కోసం ఇచ్చేది కాదు. యూకే విజిటర్ వీసా మీద ఇంటర్న్‌షిప్ చేయకూడదని రూల్లోనే ఉంది. "జీతం లేదు కదా, ఫర్వాలేదు" అనే వాదన అక్కడ నిలబడదు. జపాన్ మాత్రం కాస్త వేరు. జీతం లేకుండా, 90 రోజుల లోపు అయితే షార్ట్ స్టే వీసా సరిపోతుంది. డబ్బు ముట్టిందంటే వీసా రకమే మారిపోతుంది.

చెయ్యాల్సింది: కంపెనీకి ఒక్క మెయిల్ పెట్టండి. "ఏ కేటగిరీ వీసా? దానికి కావాల్సిన కాగితం ఎవరిస్తారు?" దీనికి సూటిగా జవాబు రాకపోతే ఆ ఆఫర్ ఇంకా చేతికి రానట్టే లెక్క.

"స్పాన్సర్ చేస్తామన్నారు, నెలలైనా డీఎస్-2019 రాలేదు"

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అమెరికా జే-1 ఇంటర్న్ వీసాలో మీరు పనిచేసే కంపెనీ సాధారణంగా స్పాన్సర్ కాదు, హోస్ట్ మాత్రమే. స్పాన్సర్ అంటే ఆ దేశ విదేశాంగ శాఖ గుర్తింపు ఉన్న సంస్థ. జే-1 వీసాకి అడిగే అర్హత పత్రం డీఎస్-2019 ఇచ్చేది అదే. అంటే ఆఫర్ వచ్చాక మీరూ కంపెనీ కలిసి ఒక స్పాన్సర్ సంస్థను వెతుక్కుని, దాని ఫీజు కట్టి, డీఎస్-7002 అనే శిక్షణ ప్రణాళిక నింపాలి.

ఫైలు వెనక్కి తిరిగొచ్చేది ఎక్కువగా ఆ ప్రణాళిక వల్లే. కంపెనీ హెచ్‌ఆర్ తీరిక లేక "డేటా ఎంట్రీ, సోషల్ మీడియా, ఆఫీస్ సపోర్ట్" అని మూడు ముక్కలు రాసి పంపేస్తారు. గుమస్తా పని 20 శాతం దాటకూడదు, వారానికి కనీసం 32 గంటల పని ఉండాలి అన్నవి రూల్స్. ఆ మూడు ముక్కలు చూడగానే స్పాన్సర్ పక్కన పెట్టేస్తాడు. దాన్ని దశల వారీగా తిరగరాయించండి: మొదటి దశలో ఏం నేర్చుకుంటారు, ఎవరు నేర్పుతారు, నేర్చుకున్నారని ఎలా తేలుస్తారు. డ్రాఫ్ట్ మీరే రాసి పంపితే హెచ్‌ఆర్ మహదానందంగా సంతకం పెడతారు.

యూకేదీ ఇంచుమించు ఇదే కథ. అక్కడ ఇంటర్న్‌లు తీసుకునే గవర్నమెంట్ ఆథరైజ్డ్ ఎక్స్ఛేంజ్ వీసాకి సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ (పూచీ పత్రం) ఇచ్చేది మామూలుగా ఆ స్కీమ్ నడిపే సంస్థ, మీ కంపెనీ కాదు. ఆరు నెలలు దాటే బస అయితే టీబీ టెస్ట్ కూడా చేయించుకోవాలి. జర్మనీలో కంపెనీయే అక్కడి ఫెడరల్ ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీ నుంచి అనుమతి తెప్పించి మీకు పంపాలి. జపాన్‌లో అయితే జీతం ఇచ్చే కంపెనీ అక్కడి ఇమిగ్రేషన్ నుంచి సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ (అర్హత పత్రం) తెప్పిస్తుంది. సింగపూర్ ట్రైనింగ్ ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కి దరఖాస్తు పెట్టేది కూడా కంపెనీయే. అది మూడు నెలలే, పొడిగింపు ఉండదు.

"బీటెక్ అయిపోయింది, ఇప్పుడు కుదరదంటున్నారు"

నిజమే, చాలా దేశాల్లో కుదరదు. జర్మనీ చదువుకు సంబంధించిన ఇంటర్న్‌షిప్‌ని నాలుగో సెమిస్టర్ దాటిన విద్యార్థికి, గరిష్ఠంగా ఏడాదికి ఇస్తుంది. విద్యార్థి అంటే కాలేజీ రోల్స్‌లో ఇంకా పేరున్నవాడు. జపాన్ జీతమిచ్చే ఇంటర్న్‌షిప్‌కి మీ కాలేజీకీ కంపెనీకీ ఒప్పందం ఉండాలి, చదువులో అది భాగం కావాలి. అమెరికా కాస్త ఉదారం, డిగ్రీ పూర్తయిన 12 నెలల లోపు జే-1 ఇంటర్న్‌గా మొదలుపెట్టొచ్చు.

అందుకే సెమిస్టర్లు ఇంకా మిగిలుండగానే పని చక్కబెట్టుకోవాలి. కాలేజీ నుంచి "నో అబ్జెక్షన్" ఒక్కటే తెచ్చుకుంటే చాలదు. ఇంటర్న్‌షిప్ కోర్సులో భాగమని, తిరిగొచ్చి ఏ సెమిస్టర్‌లో చేరతారో రాసి, రిజిస్ట్రారో ప్రిన్సిపాలో ముద్ర వేసిన లెటర్ కావాలి. డిగ్రీ పూర్తయి ఆ 12 నెలలూ దాటిపోయాయా, ఇంటర్న్‌షిప్ ఆలోచన మానేసి ట్రైనీ వీసాలో, ఎమ్మెస్సో, ఉద్యోగమో చూసుకోండి. "ఎలాగోలా" అన్నది ఇక్కడ పనిచేయదు.

"పేరు మ్యాచ్ కావట్లేదు"

ఇది అచ్చంగా మన తెలుగువాళ్ల జబ్బు. పదో తరగతి మెమోలో "వై.వి. సాయికృష్ణ". ఆధార్‌లో "యర్రంశెట్టి వెంకట సాయి కృష్ణ". పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం గివెన్ నేమ్‌లో కుక్కేశారు. ఇక స్పాన్సర్ ఆఖరి మాటను ఇంటిపేరనుకుని "కృష్ణ" అని డీఎస్-2019 కొట్టేస్తాడు.

తేల్చుకునే దారి ఒకటుంది. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణపు గుర్తులతో రెండు లైన్లుంటాయి. పై లైన్లో దేశం కోడ్ తర్వాత, జంట గుర్తులకు ముందు ఉన్నదే మీ సర్‌నేమ్. ఆఫర్ లెటర్, స్పాన్సర్ ఫారం, వీసా ఫారం, టికెట్ అన్నీ దాన్నే పాటించాలి. సర్‌నేమ్ లేని పాస్‌పోర్టుతో అమెరికా ఫారం నింపితే, పేరంతా సర్‌నేమ్‌లోకి వెళ్లి గివెన్ నేమ్ దగ్గర "ఎఫ్ఎన్‌యూ" పడుతుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని. వీసా చెల్లుతుంది గానీ అక్కడ బ్యాంకులో, ఐడీ కార్డులో మీరు మిస్టర్ ఎఫ్ఎన్‌యూ అయిపోతారు. వ్యవధి ఉంటే ముందు లాల్‌బాగ్‌లోనో మరాఠహళ్లిలోనో పాస్‌పోర్టు సేవా కేంద్రానికి వెళ్లి రీఇష్యూలో పేరు విడదీయించుకోండి. స్పాన్సర్‌కి కాగితాలు పంపేది ఆ తర్వాతే. తలకిందులుగా చేస్తే రెండు పనులూ మళ్లీ చేయాలి.

"మీ జ్యూరిస్‌డిక్షన్ ఇది కాదన్నారు"

ఆధార్ మదనపల్లెది, మకాం బెంగళూరు యెలహంక హాస్టల్లో. జర్మన్ కాన్సులేట్లలో బెంగళూరుది కర్ణాటక, కేరళలకు. ఆంధ్ర, తెలంగాణ చెన్నై కిందికి వస్తాయి. బెంగళూరులో పెట్టాలనుకుంటే ఇక్కడ ఉంటున్నారని రుజువు చూపాలి: బోనఫైడ్, హాస్టల్ లెటర్ లేదా రెంటల్ అగ్రిమెంట్. అమెరికాకు ఈ గొడవ లేదు. స్లాట్ చెన్నై జెమిని ఫ్లైఓవర్ దగ్గర దొరికితే అక్కడికి, హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో దొరికితే అక్కడికి.

"ఇంటర్వ్యూలో కాగితం చేతిలో పెట్టారు"

అమెరికా వీసా ఇంటర్వ్యూ అయితే, దాని మీద వాళ్ల ఇమిగ్రేషన్ చట్టంలోని ఏ సెక్షన్ ఉందో చూడండి. 221(జీ) అయితే ఫైలు ఆగింది. అడిగిన కాగితాలిచ్చి ఎదురుచూడాలి, మధ్యలో ఎవరికి డబ్బిచ్చినా అది కదలదు. 214(బీ) అయితే తిరస్కరణే. తిరిగొస్తారని అధికారికి నమ్మకం కుదరలేదన్నమాట. పరిస్థితి మారకుండా మర్నాడే ఇంకో స్లాట్ బుక్ చేయడం ఫీజు దండగ. మిగిలిన సెమిస్టర్లు, కాలేజీ లెటర్, ఇంటర్న్‌షిప్ చదువుకు ఎలా పనికొస్తుందో రెండు వాక్యాల్లో చెప్పగలిగే స్థితి, ఇవి సిద్ధమయ్యాకే మళ్లీ వెళ్లండి. ఇంకోటి: 2025 జూన్ నుంచి జే వీసా వాళ్లు సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌లో ఉంచాలి. ఐదేళ్లలో వాడిన ఖాతాలన్నీ ఫారంలో రాయాలి. అకౌంట్ లాక్‌లో పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళితే ఫైలు ఆగే అవకాశం ఉంది.

"కన్సల్టెన్సీ అన్నీ చూసుకుంటానంది"

బెంగళూరులో మరాఠహళ్లి, బీటీఎం లేఅవుట్ గోడల నిండా పోస్టర్లే. దొంగ ఆఫర్ లెటరో, దొంగ బ్యాంక్ స్టేట్‌మెంటో పెట్టి దొరికితే యూకేలో పదేళ్ల దాకా నిషేధం పడొచ్చు. అమెరికాలో తప్పుడు సమాచారానికి జీవితకాలం తలుపు మూసుకోవచ్చు. "అన్నీ వాడే చేశాడు" అంటే ఎవరూ వినరు, ఫారం మీద సంతకం మీదే. థాయిలాండ్‌లోనో కంబోడియాలోనో డేటా ఎంట్రీ ఇంటర్న్‌షిప్, ముందు టూరిస్ట్‌గా దిగండి అన్నారంటే అక్కడితో మాట ఆపేయండి. 2024లో కంబోడియా సైబర్ ముఠాల చేతిలో చిక్కిన విశాఖ ప్రాంతం కుర్రాళ్ల సంగతి పేపర్లలో చదివే ఉంటారు.

"వీసా వచ్చింది, ఇక టికెట్ కొనేయొచ్చా?"

తేదీ చూసుకుని కొనండి. జే-1 మీద ప్రోగ్రాం మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు అమెరికాలో అడుగు పెట్టనివ్వరు. ముగిశాక ఉండనిచ్చేదీ 30 రోజులే, అప్పుడు పని చేయకూడదు. మధ్యలో కంపెనీ మారాలంటే స్పాన్సర్ ముందే ఒప్పుకుని కాగితం మార్చాలి. డీఎస్-2019 చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకండి. సామాను బెల్టు మీదికి రాకముందే ఇమిగ్రేషన్ కౌంటర్‌లో అది అడుగుతారు.