పాత స్పోర్ట్స్ కారు బాడీలో కోతలు, అతుకులు పట్టుకోవడం ఎలా: సమస్య - పరిష్కారం

పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు ముందు ఇంజిన్ చప్పుడు వింటారు, తర్వాత రంగు చూసి మురుస్తారు. ఇంజిన్ చెడితే విప్పి బాగుచేయించుకోవచ్చు. డబ్బు కరిగిపోయేది, మనసు విరిగేది బాడీ దగ్గరే. నలభై యాభై ఏళ్లలో చేతులు మారిన కొద్దీ ఒకరు వీల్ ఆర్చ్‌లు (చక్రం చుట్టూ వంపుగా ఉండే బాడీ అంచులు) వెడల్పు చేసి ఉంటారు, ఇంకొకరు బంపర్లు మార్చి ఉంటారు. మార్పులు చేయడం తప్పేమీ కాదు. రేకు ఎలా కోశారు, ఎలా అతికారు, ఆ అతుకును దేనితో కప్పారు అన్నదే చూడాలి. అది తెలిసేది రేకు వెనకవైపు. పెయింటర్ చెయ్యి ఆడని చోటికి మన చెయ్యి వెళ్లాలి.

టార్చి, గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతం, పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటే చాలు. కారు కడిగి, పూర్తిగా ఆరి ఉండాలి. తడి మీద వంకరలు కనిపించవు. వర్షంలో చూపిస్తానంటే ఇంకో రోజు వస్తామని చెప్పండి.

సమస్య: వీల్ ఆర్చ్‌లు వెడల్పుగా ఉన్నాయి, ఫ్యాక్టరీవో కావో తెలియడం లేదు

పోర్షే 911లలో ఇది తరచూ ఎదురవుతుంది. 1975 మోడల్‌గా వచ్చిన టర్బో వెడల్పాటి ఫెండర్లు (చక్రాల మీది బాడీ రేకులు) చూసి, మామూలు 911లకూ అలాంటివి తగిలించుకున్నవాళ్లు చాలామంది. పోర్షే కూడా 1984 మోడల్ నుంచి ఆ రూపాన్ని ఎం491 అనే ఆప్షన్‌గా ఇచ్చింది, టర్బో బ్రేకులు, సస్పెన్షన్‌తో సహా. కాబట్టి బాడీ వెడల్పుగా ఉండి, బ్రేకులు మామూలువై, చక్రాల వెనక మందపాటి స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్లలు) కనిపిస్తే అది బయట చేయించిన పని అనే అనుకోవాలి.

అయస్కాంతాన్ని ఫెండర్ పైనుంచి ఆర్చ్ అంచు దాకా నెమ్మదిగా జరపండి. ఒక గీత దాటగానే పట్టు సడలితే అక్కడి నుంచి ఫైబరో, మందపాటి పుట్టీయో ఉన్నట్టు. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది. రేకు టంగుమంటుంది, పుట్టీ దబ్బుమంటుంది. మీటర్‌లో ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) చూపిస్తుంది. 250, 300 అంటే మళ్లీ రంగు వేశారు, పాత కారుకు అది మామూలే, కంగారు పడక్కర్లేదు. 1000 దాటితే అడుగున పుట్టీ ఉంది. ఒకే ప్యానెల్ మీద జానెడు దూరంలో అంకె ఉన్నట్టుండి ఎగబాకిందంటే అతుకు అక్కడే. ఫైబర్ బాడీతోనే పుట్టిన షెవర్లె కార్వెట్ లాంటి కార్ల మీద అయస్కాంతం, ఈ మీటర్ రెండూ పనికిరావు. అక్కడ కన్నూ వేలే ఆధారం.

తర్వాత చక్రం విప్పించి ఆర్చ్ లోపలి అంచు తడమండి. ఫ్యాక్టరీ పనైతే రెండు రేకులు కలిసేచోట చిన్న గుండ్రటి స్పాట్ వెల్డ్ గుంటలు వరసగా, దాదాపు సమదూరంలో వేలికి తగులుతాయి. వాటి బదులు గరుకైన వెల్డింగ్ గట్టో, రివెట్ తలలో, కోసి వదిలేసిన పదునైన అంచో తగిలితే విషయం తేలిపోయినట్టే.

కారణం: అసలు అంచు కోసేసి, ఫైబర్ ఆర్చ్ అతికించి, పైన పుట్టీ పూశారు. వేడికి ఇనుము, ఫైబర్ ఒకేలా సాగవు. అందుకే అతుకు వెంట రంగులో సన్నటి పగులు వస్తుంది, అందులోంచి నీరు దిగి రేకును తినేస్తుంది. 1976 మోడల్ నుంచి 911 బాడీ రేకుకు జింక్ పూత ఉంది కదా అని ధీమా వద్దు. కోసిన చోట, వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ పూత ఉండదు.

పరిష్కారం: పగులు మీద మళ్లీ పుట్టీ పూస్తే కొన్నాళ్లకు అదే గీత పైకి వస్తుంది. ఫైబర్ ఊడదీయించి, మంచి రేకు తగిలేదాకా తుప్పు కోయించి, స్టీల్ ఆర్చ్ వెల్డ్ చేయించాలి. లోపలివైపు కూడా ప్రైమర్, వ్యాక్స్ పట్టించాలి. బయట మెరిపించి లోపల వదిలేసే షాపులకు కొదవలేదు, ఈ మాట ముందే కాగితం మీద రాయించుకోండి.

సమస్య: తలుపు సందు పైన ఒకలా, కింద ఒకలా ఉంది

తలుపు సగం తెరిచి అంచు పట్టుకుని పైకి ఎత్తండి. కదిలితే హింజ్ పిన్నులు అరిగాయి, చిన్న పని. కదలకపోతే, ముఖ్యంగా కారు ఓపెన్ టాప్ అయితే, ఒక పక్క జాకీ మీద కొద్దిగా లేపించి అదే సందు మళ్లీ చూడండి. సందు మూసుకుపోయినా, తలుపు పట్టేసినా బాడీ వంగుతోందన్నమాట.

కారణం: తలుపు కింద పొడవునా ఉండే సిల్స్ అనే రేకు పెట్టెలు తుప్పు పట్టి పుట్టీ మీద నిలబడి ఉండాలి, లేదా కూపే (గట్టి పైకప్పున్న కారు) పైకప్పు కోసి కన్వర్టిబుల్ చేసి ఉండాలి. ఫ్యాక్టరీ కన్వర్టిబుల్‌కు పైకప్పు లేని లోటు తీర్చేలా అడుగు భాగాన్ని గట్టిపరుస్తారు. బయట కోసినవాటిలో చాలాసార్లు ఆ పని జరగదు.

పరిష్కారం: సిల్స్ అయితే, కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా రాడ్లు వెల్డ్ చేసి, కారును సమతలంగా నిలబెట్టే మొదలుపెట్టాలి. లేకపోతే బాడీ ఆ వంకరలోనే బిగుసుకుంటుంది. పైకప్పు కోసిన కారైతే నా సలహా ఒక్కటే, వదిలేయండి.

సమస్య: బంపర్లు ఒక కాలానివి, కారు ఇంకో కాలానిది

ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుకు 1974 చివర్లో నల్ల రబ్బరు బంపర్లు వచ్చాయి. అవి నచ్చక క్రోమ్ బంపర్లకు మార్చినవి ఎన్నో ఉన్నాయి. 1974 మోడల్ నుంచి వచ్చిన 911కు అంతకుముందు కాలపు పొడవాటి బానెట్ పెట్టడమూ ఇలాంటిదే. షాసీ నంబర్‌ను బట్టి తయారైన ఏడాది చూసుకుని, బంపర్ బ్రాకెట్ల దగ్గర, లైట్ల వెనక టార్చి వేసి చూడండి. పని శుభ్రంగా ఉంటే ఏ బెంగా లేదు, మార్చిన కారు ధరకే బేరమాడండి.

సమస్య: అడుగంతా కొత్త నల్ల అండర్‌కోటింగ్

తుప్పు నుంచి కాపాడటానికే వేసి ఉండొచ్చు, అతుకులు దాచడానికీ వేసి ఉండొచ్చు. యజమానిని అడిగి రెండు మూడు చోట్ల గీకి చూడండి. ఒప్పుకోకపోతే పూత వేయకముందు తీసిన ఫొటోలు అడగండి. శ్రద్ధగా చేయించినవాళ్లు అవి దాచుకునే ఉంటారు.

సమస్య: షాసీ నంబర్ చుట్టూ రేకు తేడాగా ఉంది

నంబర్ చుట్టూ గ్రైండింగ్ గీతలు, వెల్డింగ్ గట్టు, అంకెల వరసలో వంకర కనిపిస్తే కారణం ఏం చెప్పినా డబ్బు చేతులు మారకూడదు. ప్రమాదం తర్వాత ఆ భాగం మార్చారన్నది నిజమే అయినా, రిజిస్ట్రేషన్ అధికారుల దగ్గర నమోదైన కాగితం చూపించాకే మిగతా మాటలు.