మన చేతిలో ఎంతుంది? రెండు వారాలు రాసి చూడండి

జరిగినదానికి కారణం మన పనా, తలరాతా? ఈ నమ్మకాన్ని కొలవడానికి 1966లో జూలియన్ రోటర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 29 అంశాల ప్రశ్నావళి ప్రచురించాడు. వాటిలో 23కే మార్కులు, మిగతా ఆరు ఊరికే కలిపినవి. మనకు అంత అక్కర్లేదు, ఓ నోటుబుక్కు చాలు.

రోజూ రాత్రి ఆనాటి ఫలితం ఒకటి రాయండి, మంచైనా చెడైనా. కింద రెండు గళ్లు: మీరు చేసినవి, మీ చేతిలో లేనివి. ఇంటర్వ్యూ పోయిందనుకోండి. "టైమ్ బాగోలేదు" అని రాస్తే కొట్టేయండి, దాంతో చేసేదేం లేదు. "జీతం ఎంత కావాలంటే నీళ్లు నమిలాను" అని రాస్తే రేపటికి పని దొరికినట్టే: ఆ జవాబు మూడుసార్లు పైకి చెప్పి చూసుకోండి. ఎన్ని గంటలకో కూడా పక్కనే రాయాలి.

చాలామంది "ఇంకా కష్టపడతాను" అని రాసి ఇక్కడే బోల్తా పడతారు. చేశామో లేదో తేల్చలేనిది పని కాదు.

ఇంతకంటే చెడ్డ పొరపాటు, జబ్బునీ ఎదుటివాళ్ల మోసాన్నీ కూడా మొదటి గడిలోకి లాగి తమను తిట్టుకోవడం. రెండో గడి వరసగా మూడు రోజులు ఖాళీగా ఉంటే అనుమానించండి. గెలుపులూ రాయండి, ఓడితే తన తప్పు, గెలిస్తే అదృష్టం అనేవాళ్లు తక్కువేం కాదు.

14 రోజులయ్యాక పేజీలు తిరగేసి, ఫలితాన్ని కదిలించిన పనులకు టిక్కు పెట్టండి. కదిలించనివి వదిలేయండి.