స్టార్ డెల్టా మోటారా? రిలే సెట్టింగ్ ఒకసారి చూడండి

బొబ్బిలి దగ్గర ఒక రైస్ మిల్లులో 20 హెచ్‌పీ స్టార్ డెల్టా మోటారు (స్టార్ కనెక్షన్‌లో మొదలై, తర్వాత డెల్టా కనెక్షన్‌లో నడిచేది) కాలిపోయింది, అదీ సంక్రాంతి ముందు, ధాన్యం లారీలు గేటు బయట వరస కట్టిన రోజుల్లో. మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే డిజిటల్ రిలే ఉంది, కానీ ట్రిప్ కాలేదు, అంటే మోటారుని ఆపలేదు. సెట్టింగ్ చూస్తే 27 ఆంపియర్లు. నేమ్‌ప్లేట్ మీదా అదే ఉంది.

తిరకాసు రిలే పెట్టిన చోటులో ఉంది. మెయిన్ కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపే స్విచ్) కింద, వైండింగ్‌కి, అంటే మోటారు లోపలి తీగచుట్టలకి వెళ్లే వైర్ల మీద బిగించారు. డెల్టాలో ఆ వైర్లలో పారేది లైన్ కరెంటులో (ఇన్‌కమింగ్ కేబుల్‌లో వచ్చే కరెంటులో) 58 శాతమే. అక్కడ పెట్టాల్సింది 15.7. 27 పెడితే, లైన్‌లో దాదాపు 47 ఆంపియర్లు లాగేదాకా రిలే కళ్లు మూసుకునే ఉంటుంది!

మీ మిల్లులో ఎలా ఉందో తెలియాలంటే, మోటారు లోడ్ మీద ఉన్నప్పుడు ఎలక్ట్రీషియన్‌తో ఇన్‌కమింగ్ కేబుల్‌లో ఒక్కో ఫేజుకీ క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) పెట్టించండి. రిలే డిస్‌ప్లే కూడా అంతే చూపిస్తే నేమ్‌ప్లేట్ అంకె సరిపోతుంది. మీటర్ అంకెలో సగానికి కాస్త ఎక్కువ చూపిస్తే నేమ్‌ప్లేట్ అంకెని 0.58తో గుణించి పెట్టించండి.

ఇంకోటి, ట్రిప్ అయిన వెంటనే రీసెట్ నొక్కేయకండి, ముందు స్క్రీన్ ఫొటో తీసుకోండి. ఒక ఫేజు సున్నా చూపిస్తే అది ఓవర్‌లోడ్ కాదు, ఫ్యూజు దగ్గరకి వెళ్లండి.